రావ్ సాబ్ ఇంటి ఢలాయి

ఆదివారం పొద్దున్న ఏడింటికి కొబ్బరికాయ, ఏడుంబావుకి యంత్రం స్టార్టు, మధ్యాహ్నం రెండింటికల్లా స్లాబు పూర్తి, నాలుగింటికి ఎదురుగా కుర్చీలు వేసుకుని ఆలుమగలిద్దరూ టీ తాగడం. నరసింగరావు క్యాలెండరు కాగితం వెనక రాసుకున్న కార్యక్రమం ఇది. రాసుకున్నది రాసుకున్నట్టు జరుగుతుందని ఆయనకు గట్టి నమ్మకం. స్టీల్ ప్లాంటులో ముప్ఫై నాలుగేళ్లు కన్వేయర్ బెల్టుల దగ్గర పనిచేసి, ఆ ఏడాది జనవరిలో చార్జ్‌మన్‌గా రిటైరైన మనిషి. బెల్టు ఆగితే ఎందుకు ఆగిందో చప్పుడు విని చెప్పేవాడు. మనుషులు ఆగిపోతే ఎందుకు ఆగారో కనుక్కోవలసిన అవసరం మాత్రం ఉద్యోగంలో ఎప్పుడూ రాలేదు.

అది తొంభై ఆరు జూన్ నెల. సెక్టర్ 2లో ఉన్న కంపెనీ క్వార్టరు జూలై ఆఖరుకి ఖాళీ చెయ్యాలి. కోహ్కాలో కట్టుకుంటున్న ఇంటికి గోడలు లేచాయి, సెంట్రింగ్ చెక్కలు బిగించారు, పైన ఇనుము కట్టారు. ఇక స్లాబు వెయ్యడమే తరువాయి. భిలాయిలో దాన్ని ఢలాయి అంటారు. ఆ సైజు ఢలాయికి ముప్ఫై మంది కావాలి. అందులో ఇరవై పైచిలుకు తట్టలు మోసే ఆడకూలీలే. వాళ్లని రేజాలంటారు. చుట్టుపక్కల పల్లెల నుంచి పొద్దున్నే గుంపుగా నడిచొచ్చే ఆ రేజాలకు ఫూల్‌బాయి అనే నడివయసు మనిషి పెద్ద. ఆమె వస్తే ఇరవై రెండు మందీ వచ్చినట్టు, ఆమె రాకపోతే ఒక్కరూ రానట్టు.

మంగళవారం తొలి వాన పడింది. బుధవారం పొద్దున్న ఫూల్‌బాయి రాలేదు. విత్తనాలు జల్లడానికి అందరూ పొలాల్లో దిగిపోయారనీ, కనీసం రెండు వారాలదాకా తిరిగిరారనీ మిస్త్రీ బిసాహూ చల్లగా చెప్పాడు. కోహ్కాలోనూ వైశాలి నగర్‌లోనూ సెంట్రింగ్ కట్టి కూర్చున్న వాళ్లందరిదీ అదే గతి. రెండు వారాలు వానలో నానితే చెక్కలు ఉబ్బుతాయి, ఇనుము తుప్పు పడుతుంది, క్వార్టరు గడువు దగ్గరకొస్తుంది. మిగతావాళ్లు ఆకాశం కేసి చూస్తూ కూర్చున్నారు. నరసింగరావు మాత్రం ఎస్టీడీ బూతుకి వెళ్లి రాయపూర్‌కి ఫోను చేశాడు.

రాయపూర్‌లో ఆయన ఒక యంత్రాన్ని చూసి ఉన్నాడు. కాంక్రీటు కలిపే డ్రమ్ము, దాని పక్కనే నిలువుగా రెండు పట్టాలు. కలిపిన మాలు ఒక పెద్ద బకెట్‌లో పడుతుంది, ఇంజను వైరు తాడుని చుట్టుకుంటుంటే బకెట్ పట్టాల మీద పైకి పాకి స్లాబు అంచున బోర్లా పడుతుంది. నిచ్చెనల మీద తట్ట అందుకునే మనిషి అక్కర్లేదు. మొత్తం పనికి ఎనిమిది మంది చాలు. ఫోను ఎత్తినవాడు పేరడిగితే ఎన్. రావ్ అని చెప్పాడు. కోహ్కా అని కూడా చెప్పాడు గానీ లైను గరగరమనడంతో అవతలివాడికి ఎంతవరకు వినిపించిందో తెలియలేదు. ఏమైనా ఆదివారం ఏడింటికి యంత్రమూ, దాన్ని నడిపే ఆపరేటరూ వస్తారని మాటిచ్చాడు.

శనివారం సాయంత్రం పక్క సందు శంకరరావు వచ్చాడు. ప్లాంటులో రిగ్గింగ్ సెక్షన్‌లో చేసేవాడు, పలాసవైపు మనిషి. అతని ఇంటికీ సెంట్రింగ్ కట్టి ఉంది. యంత్రం సంగతి విని, తనకేమైనా ఆశ ఉందా అని మొహమాటంగా అడిగాడు.

"మాది అయిపోగానే మీదేనోయ్ శంకరం. దానికేటుంది," అన్నాడు నరసింగరావు.

ఆదివారం ఆరున్నరకే ఆయన కోహ్కా చేరుకున్నాడు. భార్య కన్నమ్మ గొడుగు, టిఫిన్ క్యారియర్, కొబ్బరికాయ పట్టుకుని వెనకే వచ్చింది. బిసాహూ, ఎలాగో దొరికిన ఎనిమిది మంది మగకూలీలూ ఉన్నారు. లారీ సందులోకి రాకపోతే యంత్రాన్ని లాగడానికి ఒక ట్రాక్టరుని కూడా రోజంతటికీ మాట్లాడి పెట్టాడు. ఏడైంది. ఎనిమిదైంది. ఎనిమిదిన్నరకి బిసాహూ టీ కొట్టుదాకా వెళ్లి కబురు తెచ్చాడు. పొద్దున్న పెద్ద యంత్రంతో ఒక లారీ వచ్చి, ఢలాయి జరగాల్సిన రావ్ సాబ్ ఇల్లెక్కడని అడిగిందట. టీ కొట్టువాడు వైశాలి నగర్ దారి చూపించాడట.

భిలాయిలో తెలుగువాడి పేరు ఏదైనా కావచ్చు, అక్కడివాళ్ల నోట అతను రావ్ సాబే. సెక్టర్ 2లో ఏ వీధిలోనైనా నిలబడి రావ్ సాబ్ అని కేకేస్తే నాలుగు గుమ్మాల్లోంచి నలుగురు తొంగి చూస్తారు. వైశాలి నగర్‌లో ఇల్లు కట్టుకుంటున్న రావ్ సాబ్ ఎవరో నరసింగరావుకి తెలుసు. ప్లాంటులో తనకు పై ఆఫీసరుగా పనిచేసిన వెంకటేశ్వరరావు. స్కూటరు తీసి బయల్దేరాడు.

అక్కడికి వెళ్లేసరికి యంత్రం ఇంటిముందు నిలబడి ఉంది. ఇంజను నడుస్తోంది. మాలుతో నిండిన బకెట్ సగం దూరం ఎక్కి గాల్లో ఆగిపోయింది. కూలీలంతా తలలెత్తి దాన్నే చూస్తున్నారు. వెంకటేశ్వరరావు చేతిలో యంత్రం తాలూకు పుస్తకం పట్టుకుని పేజీలు తిప్పుతున్నాడు. మాజీ చార్జ్‌మన్‌ని చూడగానే ఆయన మొహం పాలిపోయింది. చెయ్యి పట్టుకుని ఇసక గుట్ట వెనక్కి తీసుకెళ్లాడు.

"ఏటి సార్ ఇది. ఇది నా మెషిన్."

"నెమ్మదిగా, నరసింగరావ్. నీదని నాకూ అరగంట కిందటే తెలిసింది. మా ఆవిడకి ఇంకా తెలీదు."

జరిగిందేమిటంటే, ఏడింటికి లారీ వచ్చింది. ఆపరేటరు దిగి రావ్ సాబ్ మీరేనా అన్నాడు. అవునన్నాడాయన. తాను పదిసార్లు ఫోను చేసిన కాంట్రాక్టరు ఇన్నాళ్లకు కదిలాడనుకున్నాడు. ఆపరేటరు యంత్రం దింపించి, ఇంజను ఎలా స్టార్టు చెయ్యాలో చూపించి, కాగితం మీద సంతకం పెట్టించుకుని, దాని నకలు చేతిలో పెట్టి, వాళ్ల ఊళ్లోనూ విత్తనాలు జల్లాలంటూ రాజ్‌నాంద్‌గావ్ బస్సెక్కేశాడు. ఇరవై రోజులుగా సెంట్రింగ్ కట్టించి చేతులు ముడుచుకు కూర్చున్నారని భర్తని ఏకిపెడుతున్న మణిమాల, యంత్రాన్ని చూసి మొదటిసారి ఆయన్ని మెచ్చుకుంది. కొబ్బరికాయ కొట్టేసింది. చుట్టుపక్కల వాళ్లని పిలిచి, మా ఆయన రాయపూర్ నుంచి తెప్పించారని చెప్పింది. అప్పుడు తీరిగ్గా కాగితం చూసుకుంటే అందులో ఎన్. రావ్ అని ఉంది. కానీ అప్పటికే నాలుగు బకెట్ల మాలు పైకి వెళ్లిపోయింది.

స్లాబు మొదలుపెట్టాక మధ్యలో ఆపకూడదు. ఆపితే అక్కడ అతుకు పడుతుంది, అతుకు పడ్డచోట వాన కారుతుంది. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నరసింగరావుకీ తెలుసు. పైగా ఏడేళ్ల కిందట బెల్టు తెగి షిఫ్టంతా ఆగిపోయినప్పుడు, తప్పు నరసింగరావుది కాదని పైవాళ్లందరి ముందూ నిలబడి చెప్పింది ఈ వెంకటేశ్వరరావే. ఆయన ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే నరసింగరావు ఏదో ఒకటి అని వెళ్లిపోయి ఉండేవాడు. ఎత్తకపోవడం వల్లే కాళ్లు కదల్లేదు.

ఈలోగా యంత్రం కీచుమంది. చుట్టలో తాడు మీద తాడు ఎక్కి బిగుసుకుపోతోందని నరసింగరావుకి చూడకుండానే తెలిసింది. మరొక్క నిమిషం అలాగే నడిపిస్తే తాడు తెగుతుంది, బకెట్ ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది. చొక్కా విప్పి స్కూటరు మీద పడేసి, ప్యాంటు మడుచుకుని వెళ్లి ఇంజను ఆపాడు. బకెట్‌ని కర్రలతో నిలబెట్టించి, చుట్ట వదులు చేసి, తాడుని వరసగా చుట్టి మళ్లీ స్టార్టు చేశాడు. బకెట్ మెత్తగా పైకెక్కి, అంచున వంగి, మాలుని కుమ్మరించి దిగింది. చూస్తున్న జనం చప్పట్లు కొట్టారు.

ఆపరేటరు వెనక్కి వచ్చాడని మణిమాల అనుకుంది. పొద్దున్న ఆమె అతన్ని దూరం నుంచే చూసింది. ఇప్పుడు బనీను మీద, మోకాళ్లదాకా సిమెంటుతో ఉన్న పెద్దమనిషిని చూసి హిందీలో భయ్యా అని పిలిచి, చాయ్ తాగుతారా అనడిగింది. నరసింగరావు వెంకటేశ్వరరావు కేసి చూశాడు. ఆయన కళ్లతోనే దండం పెట్టాడు.

"హా జీ," అన్నాడు నరసింగరావు.

అలా ఆయన ఆ పూటకి రాయపూర్ ఆపరేటరైపోయాడు. పని సాగుతున్నకొద్దీ ఆయనకు అది ఎవరి స్లాబన్నది కూడా మరుపున పడింది. కింద అయిదుగురు, పైన నలుగురు. బకెట్ వెంట బకెట్. ముప్ఫై మంది చెయ్యాల్సిన పని కళ్లముందే తొమ్మిది మందితో జరిగిపోతోంది. మధ్యలో మణిమాల వచ్చి భర్తతో అన్న మాట ఆయన చెవిన పడింది.

"ఆ పుస్తకం పక్కన పెట్టండి. పెద్దాయన చూడండి, వయసు మీద పడ్డా ఎంత శ్రద్ధగా చేస్తున్నాడో. ఇలాంటివాళ్లు మీ ప్లాంటులో ఉంటే ఎంత బాగుండేది."

వెంకటేశ్వరరావు పుస్తకం పక్కన పెట్టాడు.

రెండున్నరకి స్లాబు పూర్తయింది. మణిమాల అరటాకులో పులిహోర కట్టి తెచ్చి ఆపరేటరు చేతిలో పెట్టింది. "వద్దమ్మా, ఇంటికాడ మా ఆవిడ చూస్తాది," అనేశాడు నరసింగరావు, అలవాటుకొద్దీ. మణిమాల ఆశ్చర్యంగా భర్త వంక తిరిగింది. రాయపూర్‌లో చాలామంది తెలుగువాళ్లున్నారని వెంకటేశ్వరరావు కంగారుగా చెప్పాడు. ఆ తర్వాత పులిహోర పొట్లంతో సహా నరసింగరావుని వీధి మలుపుదాకా సాగనంపి, సాయంత్రానికల్లా యంత్రాన్ని మెటాడోర్ వ్యానుకి కట్టించి కోహ్కా పంపిస్తానని, ఈ మేలు మరిచిపోనని అన్నాడు. తన ట్రాక్టరే వస్తుందని, రాకపోతే మెటాడోర్‌కి కట్టించమని నరసింగరావు చెప్పాడు గానీ, కోహ్కా వెళ్లి చూస్తే ట్రాక్టరు లేదు. కూలీలూ లేరు. కన్నమ్మ ఎదురుచూసి క్వార్టరుకి వెళ్లిపోయిందని బిసాహూ చెప్పాడు. యంత్రం వస్తే దింపించమని అతనికి అప్పజెప్పి నరసింగరావు ఇంటికి వెళ్లాడు.

"ట్రాక్టరేదే?"

"పని మీద పంపినాను. అదే చెప్పాలి మీకు, ఇనండి. ఫూల్‌బాయి వచ్చినాది పొద్దున్న..."

"ఫూల్‌బాయితో ఇంక మనకేటి పని కన్నమ్మా. తొమ్మిది మంది. తొమ్మిది మందితో అయిపోనాది ఢలాయి."

అక్కడితో ఆపలేదు. తింటున్న కంచం పక్కన గరిటెని నిలబెట్టి, చెంచాని దాని వెంట పైకి పాకించి, బకెట్ ఎలా వంగుతుందో చూపించాడు. తాడు ఎలా బిగుసుకుందో, చప్పుడు విని ఎలా పట్టుకున్నాడో చెప్పాడు. కన్నమ్మ రెండుసార్లు నోరు తెరిచి రెండుసార్లూ మూసుకుంది. చివరికి అరటాకు విప్పి, పులిహోర నోట్లో వేసుకుని, ఎవరు చేశారో గానీ ఇంగువ ఎక్కువైందంది.

సోమవారం పొద్దున్న కోహ్కా వెళ్తే ఇంటిముందు యంత్రం లేదు. యంత్రం కోహ్కా చేరిన మాట నిజమే. మెటాడోర్ డ్రైవరు సందు మొదట్లో నిలబడి రావ్ సాబ్ ఇల్లెక్కడని అడిగాడు. అక్కడ ఉన్నవాళ్లు దగ్గరలో ఉన్న రావ్ సాబ్ ఇల్లు చూపించారు. అది శంకరరావుది. శంకరరావు దాన్ని చూసి ఆశ్చర్యపోలేదు. రావ్ సాబ్ ఇంటి ఢలాయి ఆదివారం యంత్రంతో ఒక్క పూటలో అయిపోయిందని ఊరంతా చెప్పుకుంటుంటే తనూ విన్నాడు. మాది అయిపోగానే మీదేనన్న పెద్దాయన మాట మీద నిలబడి, అడక్కుండానే పంపించాడనుకుని కళ్లు చెమర్చాయట. తెల్లారుతూనే దొరికినవాళ్లని పోగేసి పని మొదలుపెట్టేశాడు.

నరసింగరావు చప్పుడుని బట్టి యంత్రం ఎక్కడుందో కనుక్కుని వెళ్లాడు. ఆయన్ని చూడగానే శంకరరావు ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మీరు దేవుడు అన్నయ్యా. అన్న మాట తప్పకుండా పంపీసినారు. మీ స్లాబు చూడ్డానికి వద్దామనే అనుకున్నాను, ఇంతట్లో ఇది వచ్చీసింది."

నరసింగరావు ఏదో అనబోయి స్లాబు వంక చూశాడు. నాలుగోవంతు మాలు పడి ఉంది. ఇటు ఆకాశం చూశాడు. దక్షిణం నుంచి నల్లగా దిగుతోంది. శంకరరావుకి తాళ్ల పని బాగా తెలుసు గానీ ఇంజను నడపడం తెలియదు. దాన్ని కాఫీ ఫిల్టరులా తడుతున్నాడు. యంత్రం తన పేరున వచ్చింది, ఏం విరిగినా తనదే పూచీ. ఇవన్నీ ఆలోచించుకునే సరికే ఆయన చేతులు ఇంజను మీద ఉన్నాయి.

మధ్యాహ్నం చినుకులు మొదలయ్యాయి. శంకరరావు తన రిగ్గింగ్ విద్యంతా ఉపయోగించి స్లాబు మీదుగా తాళ్లు లాగి టార్పాలిన్లు కట్టాడు. వాటి కింద వంగి నడుస్తూ కూలీలు మాలు సర్దారు. కింద నరసింగరావు తడుస్తూనే బకెట్‌ని ఎక్కించాడు, దించాడు. నాలుగింటికి పని ముగిసింది. ఎనిమిది మందితోనే. ఇవాళ ఒకడు తగ్గాడని నరసింగరావు గమనించి సంతోషపడ్డాడు. సంతోషం తగ్గాక, అది తన స్లాబు కాదని గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం ఆయన తల తుడుచుకుంటూ భార్యకి గట్టిగా చెప్పాడు. "రేపు మనదే. ఈసారి ఎవళ్లనీ నమ్మను. మెషిన్ మీద నేనే కూచుని తెస్తాను."

"తెండి," అంది కన్నమ్మ. "మేం పొద్దున్నే మొదలెట్టీస్తాం."

మొదలెట్టడమంటే కొబ్బరికాయ కొట్టడమనుకున్నాడు ఆయన. ఇద్దరూ ఒకే మాట అనుకున్నందుకు తృప్తిగా నిద్రపోయాడు.

శంకరరావు ఇంటి నుంచి నరసింగరావు ఇంటికి నడిస్తే మూడు నిమిషాలు. కానీ మధ్య సందులో నీళ్ల పైపు కోసం గొయ్యి తవ్వి ఉంది. మంగళవారం ఉదయం యంత్రాన్ని మెటాడోర్‌కి కట్టి, పెద్ద రోడ్డు మీదుగా చుట్టూ తిప్పి తేవాల్సి వచ్చింది. అన్నట్టుగానే నరసింగరావు యంత్రం మీద కూర్చున్నాడు. డ్రమ్ము ముందున్న ఇనుప చట్రం మీద ఒక కాలు, చక్రం మీది రేకు మీద ఒక కాలు. డ్రైవరుకి ఒకే ఒక్క సూచన ఇచ్చాడు. దారిలో ఎవరేం చెప్పినా వినొద్దు, ఏ రావ్ సాబ్ పిలిచినా ఆగొద్దు, తాను చెప్పిన చోటే ఆపాలి.

ఆ సూచన డ్రైవరు అక్షరాలా పాటించాడు. పెద్ద రోడ్డు మీద యంత్రం చక్రానికి గాలి దిగిపోతోందని నరసింగరావు వెనక నుంచి అరిచినా ఆగలేదు. రావ్ సాబ్ పిలిస్తే ఆగొద్దన్నది రావ్ సాబే కదా. చక్రం పూర్తిగా చతికిలపడి యంత్రం పక్కకి ఒరిగాక ఆపాడు. పంక్చరు వేయించేసరికి తొమ్మిదిన్నర. ఆ సేపంతా రోడ్డు పక్కన యంత్రం చుట్టూ జనం. ఏడుగురు తమ ఇళ్ల సంగతి అడిగారు. అందులో నలుగురు రావులు, ఇద్దరు మిశ్రాలు, ఒక గురుద్వారా కమిటీ మెంబరు. నరసింగరావు ఎవరినీ కాదనలేదు. మీరెవరూ కంగారు పడకండి, కూలీలు లేరన్న దిగులు ఇక భిలాయిలో ఎవరికీ ఉండదు, ఎనిమిది మంది చాలు, నేనే దగ్గరుండి వేయిస్తానన్నాడు. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగా అన్నాడు. రెండు రోజులు, రెండు స్లాబులు, ఒక్క అతుకు లేదు.

పదిన్నరకి మెటాడోర్ సొంత సందులోకి తిరిగింది. ముందు ఆయనకు చప్పుడు వినిపించింది. మాలు తిరగేసే పారల చప్పుడు, తట్ట మీద తట్ట పడే చప్పుడు, ఆడవాళ్ల పాట. తరవాత రంగులు కనిపించాయి. నేల నుంచి స్లాబుదాకా వాలుగా కట్టిన చెక్కల మీద రంగురంగుల చీరల వరస, తలమీద నిండు తట్టలతో పైకి ఒక వరస, ఖాళీ తట్టలతో కిందికి ఒక వరస. పైన బిసాహూ మోకాళ్ల మీద కూర్చుని చివరి మూల సర్దుతున్నాడు. కింద కన్నమ్మ గొడుగు వేసుకుని కుర్చీలో కూర్చుని, ఇంకో నాలుగు తట్టలు చాలని చెప్తోంది.

నరసింగరావు యంత్రం మీంచి దిగలేదు. దిగాలని తోచలేదు. ఆ నాలుగు తట్టలూ వెళ్లడం, బోర్లా పడడం, బిసాహూ చెక్కతో ఆ మూలని చదును చేసి నడుం నిలబెట్టడం అక్కడి నుంచే చూశాడు. తన ఇంటి స్లాబు తాను ముట్టుకోకుండా పూర్తయింది. రెండు రోజులుగా పరాయి స్లాబులకు తడిసిన ఒళ్లు అప్పుడు నొప్పి పుట్టడం మొదలుపెట్టింది.

కన్నమ్మ గ్లాసుతో టీ తెచ్చి చేతికందించింది.

"ఏటిది కన్నమ్మా. వీళ్లంతా ఎక్కణ్ణుంచి వచ్చినారు?"

"చెప్దావంటే మీరు ఇన్నారా," అంది ఆమె. కోపంగా అనలేదు.

ఆదివారం పొద్దున్న ఆయన స్కూటరెక్కి వెళ్లిన కాసేపటికి, విత్తనాలు కొనడానికి బజారుకి వెళ్తూ ఫూల్‌బాయి అటుగా వచ్చింది. ముప్ఫై మంది పని చేసే యంత్రం వస్తోందని విని, చూసిపోదామని ఆగింది. యంత్రం లేదు. ఇద్దరూ గొడుగు కింద కూర్చుని మాటల్లో పడ్డారు. పార్వతీపురం దగ్గర సేద్యం చేసుకునే ఇంట్లో పుట్టిన కన్నమ్మకి, నాలుగు కుంచాల విత్తనం జల్లి దున్నడానికి రెండు వారాలెందుకో అర్థం కాలేదు. ఎందుకని అడిగింది. ఆ పల్లెలో ఈ రేజాలవి పద్నాలుగు ఇళ్లు. పద్నాలుగు ఇళ్లకీ కలిపి రెండు జతల ఎడ్లు. వంతు వచ్చేదాకా ఇంటింటివాళ్లూ గట్టు మీద కూర్చుని ఎదురుచూడడమే. వంతు ఎప్పుడొస్తుందో తెలియదు గనక పనికీ రాలేరు.

"మనుషులు తక్కువ కాదండి," అంది కన్నమ్మ. "ఎడ్లు తక్కువ."

ఎదురుగా ట్రాక్టరు ఊరికే నిలబడి ఉంది. దాని డ్రైవరుది ఫూల్‌బాయి పల్లెకి పక్క ఊరే, దున్నే నాగలి కూడా వాళ్లింట్లో ఉంది. యంత్రమే రానప్పుడు దాన్ని లాగడానికి ట్రాక్టరెందుకని కన్నమ్మ పంపించేసింది. ఆదివారం, సోమవారం రెండు రోజుల్లో పద్నాలుగు ఇళ్ల పొలాలూ దున్నడం అయిపోయింది. మంగళవారం అయిదున్నరకల్లా ఇరవై రెండు మందీ తట్టలు పట్టుకుని వచ్చేశారు. ఇదే సంగతి ఆదివారం రాత్రి అన్నం దగ్గర రెండుసార్లు చెప్పబోయాననీ, గరిటె, చెంచా అడ్డొచ్చాయనీ ఆమె అంది.

నరసింగరావు టీ తాగడం పూర్తి చేశాడు. యంత్రం దిగి, వాలు చెక్కల మీదుగా పైకి ఎక్కాడు. స్లాబు అంచున వంగి మట్టం చూశాడు. మూలలు చూశాడు. ఏదైనా తేడా కనిపిస్తే బాగుండునని ఆయన మనసులో ఎక్కడో ఉంది. ఏ తేడా లేదు. కింద ఇరవై రెండు మంది ఆడవాళ్లు కన్నమ్మ వండి తెచ్చిన అన్నం చుట్టూ చేరి నవ్వుకుంటున్నారు. దిగి వచ్చేటప్పటికి ఆయన మొహం తేటపడింది.

"ట్రాక్టరు కూడా మెషినే కదా," అన్నాడు.

"మెషినే," అంది కన్నమ్మ.

"అయితే నేను చెప్పిందేగా. మెషిన్ వల్లే అయింది."

కన్నమ్మ ఇంకో గరిటె పప్పు ఫూల్‌బాయి ఆకులో వేసింది.

తిన్నాక ఫూల్‌బాయి చేతులు కడుక్కుని యంత్రం దగ్గరకొచ్చింది. మూడు రోజులుగా అంతా చెప్పుకుంటున్న వస్తువు. డ్రమ్ములోకి తొంగి చూసింది, పట్టాలు తట్టి చూసింది, తాడు పట్టుకుని లాగి చూసింది. చుట్టూ ఒకసారి నిదానంగా తిరిగి వచ్చి, నరసింగరావు ముందు నిలబడి హిందీలో అడిగింది. దసరా దాటాక కోతలొస్తాయి, అప్పుడు తామంతా మళ్లీ నెలరోజులు పనిలోకి రారు, రావ్ సాబ్ ఇంటి పైఅంతస్తు అప్పటికి స్లాబు దశలో ఉంటుంది. ఇంతకీ ఈ యంత్రం వరి కోస్తుందా?

నరసింగరావు దాన్ని చక్రాల నుంచి పట్టాల కొసదాకా ఒకసారి పరకాయించి చూసి, బకెట్ విప్పేస్తే కొయ్యొచ్చన్నాడు.